కర్ట్ కోబేన్‌కి వేసిన పెద్దపీట సబబేనా?

2003లో రోలింగ్ స్టోన్ పత్రిక వందమంది గొప్ప గిటారిస్టుల జాబితా వేసింది. అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణా గాయకుడు, గిటారిస్టు కర్ట్ కోబేన్‌కి అందులో 12వ స్థానం దక్కింది. అదే పత్రిక 2011లో మళ్లీ జాబితా వేసేసరికి అతను 73కి దిగిపోయాడు. ఈ ఎనిమిదేళ్లలో సాధన మానేసి చెయ్యి పాడుచేసుకున్నాడనుకోవడానికి లేదు, ఎందుకంటే అతను 1994లోనే పోయాడు. మారింది జాబితా వేసినవాళ్లు. మొదటిది ఒక్క విమర్శకుడి ఎంపిక. రెండోది గిటారిస్టులూ విమర్శకులూ కలిసి ఓట్లేసి తేల్చింది.

కోబేన్ మీద వాదన ముప్పై ఏళ్లుగా ఇలాగే నడుస్తోంది. "రెండు మూడు కార్డులు (గిటార్ మీద కలిపి మోగించే స్వరాలు) తప్ప ఏం వచ్చు అతనికి?" అంటారు ఒకరు. "రాక్ సంగీతం దారినే మళ్లించాడు" అంటారు ఇంకొకరు. "ఇరవై ఏడేళ్లకే పోయాడు కాబట్టి దేవుణ్ని చేశారు, బతికుంటే ఎవరు పట్టించుకునేవారు?" అనేది మూడోవారి మాట. ముగ్గురూ గట్టిగానే పోట్లాడుకుంటారు గానీ మాట్లాడేది మాత్రం మూడు వేరు వేరు సంగతుల గురించి. ఒకరిది చేతి పనితనం గొడవ, ఒకరిది ప్రభావం గొడవ, మూడోవారిది కీర్తి ఎలా తయారవుతుందన్న గొడవ. (2007లో తెలుగు సినిమా వజ్రోత్సవాల్లో 'లెజెండ్' అన్న బిరుదు మీద ఎంత రచ్చ అయిందో చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడా అడిగింది కొలబద్ద ఏమిటనే.)

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోబేన్‌కి ఆ పీట దక్కాల్సిందే. కానీ పాటలు కట్టినవాడిగా, పాడినవాడిగా దక్కాలి. గిటార్ విద్వాంసుడిగా కాదు. గ్రంజ్ అనే సియాటిల్ రాక్ శైలిని పుట్టించినవాడిగా అసలే కాదు. ఇక 'ఒక తరం గొంతుక' అన్నది పత్రికలు తగిలించిన తోక, దాన్ని మోయడానికి అతనే ఒప్పుకోలేదు.

గ్రంజ్ అతనితో మొదలవలేదు

కోబేన్ పుట్టింది 1967 ఫిబ్రవరి 20న, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఆబర్డీన్ అనే ఊళ్లో. కలప వ్యాపారం మీద బతికి, అది దెబ్బతినగానే నీరసించిపోయిన ఊరది. అతనికి తొమ్మిదేళ్లప్పుడు అమ్మానాన్నలు విడాకులు తీసుకున్నారు. ఆ చుట్టుపక్కల నుంచే వచ్చిన మెల్విన్స్ అనే బ్యాండ్ అతనికి పంక్ సంగీతాన్ని పరిచయం చేసింది. బరువుగా, నెమ్మదిగా, బురదలో నడిచినట్టు సాగే ఆ బ్యాండ్ వాయింపు విన్నవారికి నిర్వాణా తొలి పాటలు ఎక్కడినుంచి వచ్చాయో ఇట్టే తెలిసిపోతుంది.

సియాటిల్‌లో అప్పటికే పని మొదలైంది. గ్రీన్ రివర్, సౌండ్‌గార్డెన్ బ్యాండ్లు 1984లోనే పుట్టాయి. గ్రీన్ రివర్ చీలిపోతే ఒక ముక్క మడ్‌హనీ అయింది, ఇంకో ముక్క మదర్ లవ్ బోన్ మీదుగా చివరికి పెర్ల్ జామ్ అయింది. పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకోవడంలోనూ సౌండ్‌గార్డెన్ నిర్వాణా కంటే ముందే ఉంది. సబ్ పాప్ అనే చిన్న సంస్థ ఈ బ్యాండ్లన్నిటినీ ఒక ఉద్యమంలా చూపించాలని కంకణం కట్టుకుంది. 1989లో లండన్ నుంచి ఎవరెట్ ట్రూ అనే విలేకరిని తన ఖర్చు మీద రప్పించి, బ్రిటిష్ పత్రికలో సియాటిల్ గురించి రాయించుకుంది. ఆ 'సహజమైన' సంచలనం వెనక ఇంత ప్రచార తెలివి ఉందని అభిమానులు సాధారణంగా గుర్తుపెట్టుకోరు.

అదే ఏడాది నిర్వాణా మొదటి ఆల్బమ్ 'బ్లీచ్' వచ్చింది. రికార్డింగ్ ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. ఆ డబ్బు పెట్టింది జేసన్ ఎవర్‌మన్. ఆల్బమ్‌లో ఒక్క స్వరం వాయించకపోయినా కృతజ్ఞతగా అతని పేరు గిటారిస్టుగా వేశారు. అప్పటికి నిర్వాణా సియాటిల్ బ్యాండ్లలో ఒకటి, అంతే. పైగా మడ్‌హనీ పేరే ముందు వినిపించేది. కాబట్టి కోబేన్‌ని 'గ్రంజ్ పితామహుడు' అనేవాళ్లు ముందు మడ్‌హనీ గాయకుడు మార్క్ ఆర్మ్‌కీ, మెల్విన్స్ గాయకుడు బజ్ ఆస్బోర్న్‌కీ జవాబు చెప్పుకోవాలి.

గిటార్ సంగతి

దీన్ని త్వరగా తేల్చేయొచ్చు. వేగం, శుద్ధత, తీగల మీద పట్టు ఇవే కొలమానం అయితే కోబేన్ నిలబడడు. సియాటిల్‌లోనే పుట్టిన జిమీ హెండ్రిక్స్ పక్కన అతని పేరు చెప్పడం ఇద్దరికీ అన్యాయమే. సమకాలికుల్లో చూసినా సౌండ్‌గార్డెన్‌లో కిమ్ థాయిల్ (అమ్మానాన్నలు కేరళవాళ్లు), ఆలిస్ ఇన్ చెయిన్స్‌లో జెర్రీ కాంట్రెల్ అతనికంటే చాలా మంచి గిటారిస్టులు. రోలింగ్ స్టోన్ రెండో జాబితానే నిజానికి దగ్గరగా ఉంది, అదీ కొంచెం ఉదారంగానే.

అయితే ఒక్క మాట. 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' పాట మధ్యలో గిటార్ సోలో వస్తుంది కదా, అందులో అతను చేసిందల్లా చరణంలో తాను పాడిన వరుసనే గిటార్ మీద మళ్లీ వాయించడం. ఎనభైల్లో రాక్ బ్యాండ్ల సోలోలంటే వేళ్ల సర్కస్. చేతకాకే ఇలా వాయించాడని అనొచ్చు. కానీ చేతకానివాడు కూడా సర్కస్‌కి ప్రయత్నించేవాడే. ఇతను పాటకి ఏం కావాలో అంతే ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు. దాన్ని నేను గిటార్ విద్య ఖాతాలో వేయను, పాట కట్టే విద్య ఖాతాలో వేస్తాను.

పాట ఎలా కట్టాడు

అసలు వాదన జరగాల్సింది ఇక్కడ.

'టీన్ స్పిరిట్' మొత్తం నాలుగు కార్డుల మీద నడుస్తుంది: ఎఫ్, బి ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్. ఇవి పవర్ కార్డులు. కర్ణాటక సంగీతం వరసలో చెప్పాలంటే వీటిలో షడ్జమం, పంచమం ఉంటాయి, గాంధారం ఉండదు. పాట మేజరా మైనరా అని తేల్చేది ఆ గాంధారమే. అంటే గిటార్ కావాలనే ఏ సంగతీ చెప్పకుండా వదిలేస్తుంది. ఉల్లాసమో దిగులో గొంతే చెప్పాలి. కోబేన్ గొంతు ఒక పాదంలో ఇటు, ఇంకో పాదంలో అటు ఒరుగుతుంది. అతని పాటలు విన్నప్పుడు కోపమో బాధో వెటకారమో తేల్చుకోలేని స్థితి కలుగుతుందే, దాని వెనక ఉన్న పనితనం చాలావరకు ఇదే. కార్డులు సులువు. వాటిమీద ఏ వరుస పెట్టాలో తెలియడం సులువు కాదు. ఆ కార్డుల్ని లక్షలమంది కుర్రాళ్లు ఒక మధ్యాహ్నంలో నేర్చుకున్నారు, వాటితో ఇలాంటి పాట కట్టినవాళ్లు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టే అంతమందే.

'బ్లీచ్'లో 'అబౌట్ ఎ గర్ల్' అనే పాట ఉంది. చుట్టూ అరుపులూ మోతా ఉన్న ఆల్బమ్‌లో అదొక్కటే బీటిల్స్ పాటలా తేటగా ఉంటుంది. ఆ తేటదనమే తర్వాత 'నెవర్‌మైండ్'కి ఇరుసు అయింది. ఆ ఆల్బమ్ తీస్తున్నప్పుడు గొంతుని రెండుసార్లు పాడించి ఒకదానిమీద ఒకటి వేద్దామని నిర్మాత బుచ్ విగ్ అంటే, అది మోసంలా ఉంటుందని కోబేన్ మొరాయించాడు. "జాన్ లెనన్ అలాగే చేశాడు" అని విగ్ అనేసరికి ఒప్పుకున్నాడు. 'సమ్‌థింగ్ ఇన్ ది వే' పాటని అతను కంట్రోల్ రూమ్‌లో సోఫా మీద పడుకుని, శ్రుతి కుదరని పాత గిటార్ మీద, దాదాపు గొణుగుతూ పాడితే అదే ఉంచేశారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2022లో, ఒక బ్యాట్‌మ్యాన్ సినిమాలో వాడగానే ఆ పాట మొట్టమొదటిసారి బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలోకి ఎక్కింది. దాన్ని ఎక్కించినవాళ్లలో చాలామంది అతను పోయాక పుట్టినవాళ్లే అయ్యుంటారు.

పాట గట్టిదా కాదా అన్నది తేల్చడానికి నాకు నచ్చిన పరీక్ష ఒకటుంది. ఆ మోత, ఆ గొంతు తీసేసి ఇంకొకరి చేతిలో పెట్టి చూడటం. 'టీన్ స్పిరిట్'ని 1992లోనే టోరీ ఏమోస్ ఒక్క పియానోతో పాడింది. బ్యాడ్ ప్లస్ అనే జాజ్ త్రయం మాటలే లేకుండా వాయించింది. ప్యాటీ స్మిత్ 2007లో అకూస్టిక్ వాద్యాలతో పాడింది. మూడింట్లోనూ పాట నిలబడింది. ఆ కాలపు హిట్ రాక్ పాటల్లో చాలావాటికి ఈ పరీక్ష పెడితే మిగిలేది ఏమీ ఉండదు.

సాహిత్యం దగ్గర మాత్రం నేను అంత గట్టిగా నిలబడను. చాలా పాటలకి మాటలు ఆఖరి నిమిషంలో, పాత నోటు పుస్తకాల్లోని ముక్కలు ఏరి అతికించినవి. కాగితం మీద చదివితే కొన్ని తేలిపోతాయి. పైగా ఏం పాడుతున్నాడో అర్థమయ్యేది కాదు. 1992లో పేరడీ గాయకుడు వియర్డ్ అల్ కట్టిన పేరడీలో ఎగతాళి అంతా ఈ నసుగుడు మీదే. కానీ 'పాలీ' వేరు. 1987లో టకోమాలో ఒక కచేరీ నుంచి ఇంటికి వెళుతున్న పద్నాలుగేళ్ల అమ్మాయిని ఒకడు ఎత్తుకుపోయి చిత్రహింసలు పెట్టిన వార్త చదివి రాసిన పాట అది. కథని నేరగాడి నోటితో చెప్పించాడు. చిన్న గొంతుతో, ఏ ఉద్రేకం లేకుండా. వినడానికి ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది, ఉండాలి కూడా.

కాపీ కొట్టాడా?

కొట్టాడు. ఒప్పుకున్నాడు కూడా. 'టీన్ స్పిరిట్' రాసేటప్పుడు పిక్సీస్ బ్యాండ్‌ని ఎత్తేయాలనే చూశానని 1994 జనవరిలో రోలింగ్ స్టోన్‌లో వచ్చిన ఇంటర్వ్యూలో తనే చెప్పాడు. చరణం మెల్లగా, పల్లవి ఒక్కసారిగా విరుచుకుపడేలా పాట కట్టే పద్ధతి పిక్సీస్‌దే. ఆ పాట గిటార్ వరుస బోస్టన్ బ్యాండ్ 1976 నాటి 'మోర్ దాన్ ఎ ఫీలింగ్'ని గుర్తుచేస్తుందని అందరూ అంటుంటే, 1992 రెడింగ్ ఉత్సవంలో నిర్వాణా ముందు ఆ బోస్టన్ వరుసే వాయించి, నవ్వించి, ఆ తర్వాత తమ పాట ఎత్తుకుంది. 'కమ్ యాజ్ యు ఆర్' వరుస మాత్రం నవ్వుతో పోయేది కాదు. కిల్లింగ్ జోక్ బ్యాండ్ 1984లో చేసిన 'ఎయిటీస్'కి అది చాలా దగ్గర, వాళ్లు గుర్రుగానే ఉన్నారు. 2003లో అదే కిల్లింగ్ జోక్ ఆల్బమ్‌కి నిర్వాణా డ్రమ్మర్ డేవ్ గ్రోల్ వాయించిపెట్టాడు.

ఇంకో రుణం తక్కువమంది చెప్పుకునేది. 'నెవర్‌మైండ్'లో ఆ ఉరుములాంటి డ్రమ్స్ ఎత్తుగడలు గ్యాప్ బ్యాండ్, క్యామియో లాంటి డిస్కో, ఫంక్ బృందాల దగ్గర తీసుకున్నవేనని గ్రోల్ తర్వాత తనే చెప్పాడు. తెల్ల కుర్రాళ్ల కోపం అని ప్రపంచం పిలుచుకున్న దాని లయ నల్లజాతి నాట్య సంగీతం నుంచి వచ్చింది. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా నేను అతన్ని దొంగ అనలేను. తీసుకున్నవాటిని దాచుకోలేదు, తీసుకున్నచోటే ఆగిపోలేదు.

కాలం కలిసొచ్చింది కూడా

'నెవర్‌మైండ్' 1991 సెప్టెంబర్ 24న విడుదలైంది. అమెరికాలో మొదట వదిలినవి దాదాపు 46,000 కాపీలే. సోనిక్ యూత్ అనే బ్యాండ్ స్థాయిలో ఓ రెండున్నర లక్షలు అమ్మితే గొప్పే అనుకుంది కంపెనీ. 1992 జనవరి 11 నాటి బిల్‌బోర్డ్ జాబితాలో అది మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ని కిందికి తోసి మొదటి స్థానంలో కూర్చుంది. ఇప్పటికి ప్రపంచమంతా కలిపి 3 కోట్ల పైనే అమ్ముడైంది.

ఈ కథలో అభిమానులు వదిలేసే మెలిక ఒకటుంది. 1991 మే నెల దాకా బిల్‌బోర్డ్ ఆల్బమ్ జాబితా దుకాణాల వాళ్లు చెప్పిన మాట మీద ఆధారపడేది. వాళ్లు ఏది అమ్ముడవుతోందని అనుకుంటే, లేదా ఏది చెప్పమని కంపెనీ వాళ్లని మంచి చేసుకుంటే, అది పైకొచ్చేది. ఆ మేలో సౌండ్‌స్కాన్ వచ్చి, బార్‌కోడ్ ద్వారా నిజంగా ఎన్ని అమ్ముడయ్యాయో లెక్కపెట్టడం మొదలైంది. కంట్రీ, ర్యాప్, హెవీ మెటల్ ఒక్కసారిగా జాబితా పైకి లేచాయి. అంతకుముందు కూడా జనం అవి కొంటూనే ఉన్నారు, లెక్కలో పడలేదంతే. నిర్వాణా ఆల్బమ్ ఈ మార్పు జరిగిన నాలుగు నెలలకి వచ్చింది. రెండేళ్లు ముందొచ్చి ఉంటే జాక్సన్‌ని దించేదా అంటే నాకు అనుమానమే.

ఆండీ వాలెస్ మిక్సింగ్ సంగతీ అంతే. స్లేయర్ అనే మెటల్ బ్యాండ్ ఆల్బమ్‌లకి పనిచేసిన వాలెస్ ఈ పాటలకి రేడియోకి తగ్గ మెరుపు పెట్టాడు. ఆ మెరుపు లేకుండా ఎంటీవీ రోజంతా వేసేది కాదు. కోబేన్‌కి తర్వాత అది నచ్చలేదు, పంక్ రికార్డులా కాకుండా మాట్లీ క్రూ అనే మెటల్ బ్యాండ్ రికార్డులా ఉందని తిట్టుకున్నాడు. అందుకే తర్వాతి ఆల్బమ్ 'ఇన్ యూటెరో'కి నిర్మాతగా స్టీవ్ అల్బినీని పిలిచాడు. అల్బినీ లక్ష డాలర్లు ఏకమొత్తంగా తీసుకుని, రాయల్టీలో వాటా వద్దన్నాడు. బ్యాండ్ పాటల మీద వచ్చే డబ్బులో జీవితాంతం వాటా తీసుకోవడం నిర్మాతకి తగదన్నది అతని పట్టుదల. అంతకుముందు 1992లో కోబేన్ మాత్రం పాటల హక్కుల్లో తన వాటా బాగా పెంచాలని, అదీ పాత ఆల్బమ్‌కి కూడా వర్తించేలా, బ్యాండ్‌లోని మిగతా ఇద్దరి దగ్గర పట్టుబట్టి సాధించుకున్నాడు. పాటలు రాసింది ప్రధానంగా అతనే కాబట్టి అన్యాయం అనలేం గానీ, డబ్బంటే లెక్కలేని పంక్ సన్యాసి అనే బొమ్మకి ఇది అతకదు.

చావు ఎంత, పాట ఎంత

ఇక మూడోవారి ప్రశ్న. ఇది తేలిగ్గా తోసేసే ప్రశ్న కాదు. వాళ్ల చేతిలో మంచి సాక్ష్యమే ఉంది.

1993 శరదృతువులో పరిస్థితి చూడండి. 'ఇన్ యూటెరో' సెప్టెంబర్‌లో మొదటి స్థానంలోనే అడుగుపెట్టింది, తొలి వారం అమ్మకాలు సుమారు 1,80,000. నెల తిరక్కుండా పెర్ల్ జామ్ రెండో ఆల్బమ్ వచ్చి తొలి వారంలోనే 9,50,000 అమ్మింది. అంటే అయిదు రెట్లు. ఆ అక్టోబర్‌లో టైమ్ పత్రిక ఈ కొత్త రాక్ మీద ముఖచిత్ర కథనం వేసినప్పుడు అట్ట మీద వేసింది కోబేన్‌ని కాదు, పెర్ల్ జామ్ గాయకుడు ఎడ్డీ వెడర్‌ని. బతికుండగా, సొంత ఊరి సంగీతంలోనే, జనాదరణలో కోబేన్ రెండో స్థానానికి వచ్చేశాడు. ఆరు నెలలు గడవకముందే, 1994 ఏప్రిల్ 5న, అతను ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత వెడర్ పేరు ముందు చెప్పినవాళ్లు లేరు. ఇది చావు చేసిన పని కాదంటే నమ్మడం కష్టం.

'ఎంటీవీ అన్‌ప్లగ్డ్' కచేరీ సంగతీ ఉంది. దాన్ని చిత్రీకరించింది 1993 నవంబర్ 18న. ఆల్బమ్‌గా వచ్చింది ఏడాది తర్వాత, అతను పోయాక. వేదిక నిండా లిల్లీ పువ్వులు, నల్ల కొవ్వొత్తులు. అవి కావాలని అడిగింది అతనే. ఇప్పుడు ఆ వీడియో చూసేవాళ్లకి ప్రతి ఫ్రేములోనూ వీడ్కోలు కనిపిస్తుంది. అదే కచేరీని టీవీలో మొదటిసారి చూసినవాళ్లకి అలా కనిపించే అవకాశమే లేదు. తర్వాత జరిగింది తెలిసి ముందు జరిగినదాన్ని చదివే అలవాటు మనది.

అయినా చావే లెజెండ్‌ని చేస్తుందంటే, ప్రతిచోటా చేయాలి కదా? మదర్ లవ్ బోన్ గాయకుడు ఆండ్రూ వుడ్ 1990 మార్చిలో, తొలి పూర్తి ఆల్బమ్ బయటికి రాకముందే, మత్తుమందు మోతాదు మించి పోయాడు. వయసు 24. వేదిక మీద అతనిలో ఉన్న ఆకర్షణ కోబేన్‌లో లేదని ఆనాటి సియాటిల్ వాళ్లు చాలామంది అంటారు. ఇవాళ అతని పేరు తెలిసినవాళ్లెందరు? ఆలిస్ ఇన్ చెయిన్స్ గాయకుడు లేన్ స్టేలీ పోయింది 2002 ఏప్రిల్ 5న, కోబేన్ పోయిన తేదీనే. రెండు వారాల దాకా ఎవరికీ తెలియలేదు. 34 ఏళ్లు. సౌండ్‌గార్డెన్ గాయకుడు క్రిస్ కార్నెల్ 2017లో పోయాడు. గొంతు బలం కొలిస్తే కోబేన్ అతని దరిదాపుల్లోకి రాడు. వీళ్లందరిదీ అకాల మరణమే, అందరికీ మంచి పాటలే ఉన్నాయి, ఒకే ఊరు, దాదాపు ఒకే కాలం. కోబేన్ బొమ్మ ఒక్కటే ఇంత పెద్దదవడానికి చావు ఒక్కటే కారణమైతే ఈ తేడా రాకూడదు. చావు ఒక గుణకం లాంటిది. దాని పక్కన ముందే ఒక సంఖ్య ఉండాలి. జాక్సన్‌ని దించిన ఆల్బమ్ రెండేళ్ల ముందే వచ్చి ఉంది.

'27 క్లబ్' గోల కూడా ఈ సందర్భంలోదే. హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్, జిమ్ మారిసన్, బ్రయాన్ జోన్స్, కోబేన్, తర్వాత ఏమీ వైన్‌హౌస్ అందరూ 27కే పోయారు కాబట్టి ఆ అంకెలో ఏదో ఉందంటారు. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశీలన బ్రిటన్‌లో నంబర్ వన్ ఆల్బమ్ ఉన్న 1,046 మంది సంగీతకారుల్ని లెక్కలోకి తీసుకుంది. 27లో ప్రత్యేకమేమీ కనబడలేదు. ఇరవైల్లో, ముప్పైల్లో పేరున్న సంగీతకారుల మరణాలు మామూలు జనంకంటే ఎక్కువ అన్నది మాత్రం కనబడింది. శృంగారభరితమైన కథ పోయి, పట్టించుకోవాల్సిన ఆరోగ్య సమస్య మిగిలింది.

చావుని వీరత్వంగా మార్చే ధోరణి మీద నాకు ఓపిక లేదు. అతను చాలా ఏళ్లుగా కడుపునొప్పితో, హెరాయిన్‌తో, కుంగుబాటుతో బాధపడినవాడు. పందొమ్మిది నెలల కూతుర్ని వదిలి పోయాడు. ఆ వారం సియాటిల్‌లో అభిమానుల సంతాప సభ పెట్టినప్పుడు సహాయ కేంద్రం వాళ్లని కూడా పిలిచారు, పత్రికలు ఆ ఫోన్ నంబర్లు వేశాయి. అతన్ని చూసి కుర్రాళ్లు అదే దారి పడతారేమోనన్న భయం అందరిదీ. తర్వాత పరిశోధకులు లెక్కలు తీస్తే ఆ ప్రాంతంలో భయపడినట్టు ఆత్మహత్యలు పెరగలేదు, సహాయ కేంద్రాలకి ఫోన్లు పెరిగాయి. వార్తని ఎలా చెప్పాలన్నదానికి ఆ వారాన్ని ఇప్పటికీ ఉదాహరణగా చూపిస్తారు.

పేరుని దేనికి వాడాడు

అతని పాటల తర్వాత నన్ను ఒప్పించేది ఇది. పేరొచ్చాక చాలామంది తలుపు మూసుకుంటారు, ఇతను ఇతరులకోసం తెరిచి పట్టుకున్నాడు. అన్‌ప్లగ్డ్ కచేరీకి తమ హిట్లు వాయిస్తారని ఎంటీవీ ఎదురుచూస్తే, మీట్ పపెట్స్ అనే బ్యాండ్ అన్నదమ్ముల్ని వేదిక మీదికి పిలిచి వాళ్ల పాటలే మూడు పాడాడు. స్కాట్లాండ్ బ్యాండ్ వాసెలిన్స్ పాట, డేవిడ్ బౌవీ పాట పాడి, చివరికి లెడ్ బెల్లీ పాడిన పాత జానపదంతో ముగించాడు. ఆ ఆఖరి పాటని కొన్నేళ్ల ముందు స్క్రీమింగ్ ట్రీస్ బ్యాండ్ గాయకుడు మార్క్ లానెగన్ సోలో ఆల్బమ్‌లో ఇద్దరూ కలిసి చేశారు, లానెగన్ పాడితే గిటార్ కోబేన్‌ది. లానెగన్ లేకపోతే ఆ ముగింపు లేదు. జపాన్ అమ్మాయిల బ్యాండ్ షోనెన్ నైఫ్‌ని తమతో పాటు టూరుకి తీసుకెళ్లాడు. మరుగునపడ్డ బ్రిటిష్ బ్యాండ్ రెయిన్‌కోట్స్ రికార్డులు మళ్లీ రావడానికి కారణమయ్యాడు.

1992 సెప్టెంబర్‌లో ఆరెగన్ రాష్ట్రంలో స్వలింగ ప్రేమికులకి వ్యతిరేకంగా పెట్టిన ప్రతిపాదనని అడ్డుకోవడానికి నిర్వాణా పోర్ట్‌లాండ్‌లో కచేరీ చేసింది. 1993 ఏప్రిల్‌లో బోస్నియా యుద్ధంలో అత్యాచారాలకి గురైన మహిళల సాయం కోసం శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఇంకోటి. ముందు ఏడాది బ్యూనస్ ఐరెస్‌లో, తమకంటే ముందు వాయించిన అమ్మాయిల బ్యాండ్‌ని జనం బూతులు తిట్టి తరిమేస్తే, కోపంతో తమ కచేరీనే చెడగొట్టాడు. 'టీన్ స్పిరిట్' మొదలుపెట్టినట్టే పెట్టి ఆపేసి, ఇంకేదో వాయించాడు, చివరిదాకా ఆ పాట పాడలేదు. టికెట్టు కొన్న ప్రేక్షకుడిగా నేనుంటే తిట్టుకునేవాణ్ణే. కానీ 1992లో, మగ అహంకారమే పెట్టుబడిగా నడిచే రాక్ ప్రపంచంలో, ఆ స్థాయిలో ఉన్నవాడు ఇలా చేయడం మామూలు సంగతి కాదు. స్వలింగ ప్రేమికుల్ని, వేరే రంగువాళ్లని, ఆడవాళ్లని ద్వేషించేవాళ్లు తమ పాటలు వినొద్దని ఒక ఆల్బమ్ అట్ట లోపల రాసి మరీ చెప్పాడు.

ఈ వైపు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. స్వెటర్ల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువ. అన్‌ప్లగ్డ్‌లో వేసుకున్న ఉతకని స్వెటర్ 2019 వేలంలో 3,34,000 డాలర్లు పలికింది. అక్కడ వాయించిన మార్టిన్ గిటార్ 2020లో 60 లక్షల డాలర్లకి పైగా పోయింది. నిర్వాణా గుర్తు అయిన పిచ్చినవ్వు బొమ్మ ఉన్న టీషర్టు హైదరాబాద్ ఫుట్‌పాత్‌ల మీద కూడా దొరుకుతుంది, కొనేవాళ్లలో ఎంతమంది ఒక్క పాటైనా విన్నారో ఆ అమ్మేవాడికి అక్కర్లేదు. ఆ బొమ్మ హక్కుల మీద బ్యాండ్ కంపెనీకీ, మార్క్ జేకబ్స్ అనే ఫ్యాషన్ సంస్థకీ 2018 నుంచి 2024 దాకా కోర్టులో వ్యాజ్యం నడిచి రాజీతో ముగిసింది. ఇదంతా కీర్తి వ్యాపారం. పాటల విలువకి ఇది సాక్ష్యమూ కాదు, వ్యతిరేక సాక్ష్యమూ కాదు. వాదనలో దీన్ని తెచ్చేవాళ్లు ఏ పక్షంవాళ్లయినా నేను వినను.

మిగిలింది హాల్ ఆఫ్ ఫేమ్ లెక్క. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ నిర్వాణాని 2014లో, అర్హత వచ్చిన మొదటి ఏడాదే చేర్చుకుంది. పెర్ల్ జామ్‌ని 2017లో అదే పద్ధతిలో. సౌండ్‌గార్డెన్ 2025 దాకా ఆగాల్సి వచ్చింది, అప్పటికి కార్నెల్ పోయి ఎనిమిదేళ్లు. స్టేలీ, కాంట్రెల్ గొంతులు ఒకదాన్నొకటి పెనవేసుకుని పాడే ఆ వింత జంటగానం రాక్‌లో మరెక్కడా లేదు, అయినా ఈ వరుసలో ఆలిస్ ఇన్ చెయిన్స్ పేరు కనబడదు. కోబేన్‌కి ఎక్కువ ఇచ్చారా అని ముప్పై ఏళ్లు కొట్టుకున్నాం. ఆ ఓపికలో కొంత స్టేలీకి తక్కువ ఎందుకిచ్చారన్నదాని మీద పెట్టొచ్చు. మొదలుపెట్టాలనుకునేవాళ్లకి 1992లో వచ్చిన 'డర్ట్' ఆల్బమ్ చాలు.